బలం బిళ్ళ – శరీరమనే అమానతు

ఈ రోజుల్లో మన ఇళ్ళలో బియ్యం డబ్బా, పప్పు డబ్బా ప్రక్కనే మరో డబ్బా కనిపిస్తోంది. అమ్మకు కాల్షియం బిళ్ళలు, అబ్బాయికి ప్రోటీన్ పౌడరు, నాన్నగారికి ‘షుగరుకు మంచిది’ అని ఎవరో అంటగట్టిన మూలికల గుళికలు. గల్ఫ్ నుంచి సెలవుకు వచ్చే బంధువు ఖర్జూరాలతోపాటు మల్టీవిటమిన్ సీసా కూడా తెస్తున్నాడు. వీటన్నిటినీ మన ప్రాంతంలో ఒకే మాటతో పిలుస్తారు: ‘బలం మందు’.

దీని గురించి మసీదులో, వివాహ విందుల్లో మమ్మల్ని రెండు రకాల ప్రశ్నలు అడుగుతుంటారు. కొందరు, “మౌలానా! ఆరోగ్యం ఇచ్చేవాడు అల్లాహ్ అయినప్పుడు ఈ బిళ్ళల మీద ఆధారపడటం తవక్కుల్‌కు విరుద్ధం కాదా?” అంటారు. మరికొందరు, “ఇది మందు కాదు కదా, బలానికే కదా! తింటే మేలే తప్ప కీడేముంటుంది?” అంటారు. మొదటివారు అవసరమైన చోట కూడా మానేస్తారు. రెండోవారు అవసరం లేని చోట కూడా తింటారు. పైకి ఈ ఇద్దరూ పరస్పర విరుద్ధంగా కనిపిస్తారు గాని, ఇద్దరూ చేసే పొరపాటు ఒక్కటే. ‘నా శరీరంలో నిజంగా లోటు ఉందా?’ అన్న ప్రశ్న ఇద్దరూ వేసుకోరు.

శరీరం ఎవరిది?

ఇస్లామ్ దృష్టిలో శరీరం మన సొత్తు కాదు, మనకు అప్పగించబడిన అమానతు. ప్రళయదినాన దాసుడు అడుగు కదపకముందే అతని శరీరాన్ని దేనికి వినియోగించాడో, ధనాన్ని ఎలా సంపాదించి ఎలా ఖర్చుపెట్టాడో ప్రశ్నించటం జరుగుతుందని దైవప్రవక్త (సఅసం) హెచ్చరించారు. రాత్రంతా నమాజులో, పగలంతా ఉపవాసంలో గడిపే ఒక సహాబీకి, శరీరానికి కూడా అతనిపై హక్కు ఉందని ఆయన గుర్తుచేశారు. ఆరాధన కోసమైనా సరే శరీరం హక్కును కాలరాయటానికి అనుమతి లేనప్పుడు, నిర్లక్ష్యం వల్లనో మోజు వల్లనో కాలరాయటానికి అనుమతి ఎక్కడిది?

బలం కోరుకోవటంలో తప్పు లేదు. బలహీన విశ్వాసికన్నా బలమైన విశ్వాసి అల్లాహ్‌కు ఎక్కువ ప్రియమైనవాడని, అయితే ఇద్దరిలోనూ మేలు ఉందని ప్రవక్త బోధన మనకు తెలియజేస్తోంది. వైద్యం చేయించుకోమని కూడా ఆయన ఆదేశించారు. ఒంటెను కట్టి ఆ తర్వాత అల్లాహ్‌పై భారం వేయమని ఆయన ఒక పల్లెవాసికి నేర్పిన పాఠం మనకు తెలిసిందే. కాబట్టి బిళ్ళ వేసుకోవటం తవక్కుల్‌కు విరుద్ధం కాదు. బిళ్ళే నయం చేస్తుందని నమ్మటం, బిళ్ళ ఉంది కదా అని ఒంటెను విప్పి వదిలేయటం మాత్రం విరుద్ధం.

లోటు ఉన్నచోట బిళ్ళ బాధ్యతే

2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ళ మహిళల్లో 58.8 శాతం మందికి రక్తహీనత ఉంది. అంటే పది మంది స్త్రీలు ఒకచోట కూర్చుంటే వారిలో సుమారు ఆరుగురికి రక్తం తక్కువ. మన ఇళ్ళు దీనికి మినహాయింపు అనుకోవటానికి ఏ ఆధారమూ లేదు. మెట్లెక్కితే ఆయాసం, ఎప్పుడూ నీరసం, పాలిపోయిన ముఖం – వీటిని మనం ‘ఆడవాళ్ళకు మామూలే’ అని కొట్టిపారేస్తాం. ఆ స్థితిలోనే ఆమె గర్భం దాల్చి కాన్పుకు వెళితే, రక్తస్రావం జరిగినప్పుడు ఆమె ప్రాణానికే ముప్పు.

అందుకే ప్రభుత్వం గర్భిణికి 180 రోజులు, కాన్పు తర్వాత మరో 180 రోజులు ఇనుము, ఫోలిక్ యాసిడ్ కలిసిన ఎర్ర బిళ్ళలను ఉచితంగా ఇస్తోంది. బడిలో పెద్దపిల్లలకు వారానికొకసారి నీలం బిళ్ళ ఇస్తారు. అంగన్‌వాడీలో పసిపిల్లలకు ఆరు నెలలకొకసారి విటమిన్-ఎ ద్రావణం పోస్తారు. ఇవన్నీ ఆహారానికి అనుబంధంగా ఇచ్చేవే. ఆశా కార్యకర్త తెచ్చి ఇచ్చిన ఎర్ర బిళ్ళలు వికారం పుట్టిస్తున్నాయనో, బిడ్డ నల్లగా పుడుతుందనో అటక మీద పడేసే ఇళ్ళు మనలోనూ ఉన్నాయి. బిడ్డ రంగుకూ ఇనుముకూ ఏ సంబంధమూ లేదు. రెండు ప్రాణాలకు సంబంధించిన అమానతును ఒక పుకారు కోసం ప్రమాదంలో పడేయటం ఏ విధంగానూ ధర్మం కాదు. కోడలికి ఆ బిళ్ళ గుర్తుచేయటం అత్తగారి బాధ్యత, ఇంటి యజమాని బాధ్యత.

ఈ ఎర్ర బిళ్ళలోని ఫోలిక్ యాసిడ్ వెనుక ఒక తెలుగువాడి శ్రమ ఉంది. భీమవరంలో 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు తన సోదరులిద్దరిని స్ప్రూ అనే వ్యాధి వల్ల కోల్పోయారు. ఆ వ్యాధి ఆయనను కూడా బాధించింది. తర్వాత అమెరికా వెళ్ళి, లెడర్లీ సంస్థలో ఆయన నాయకత్వంలోని శాస్త్రజ్ఞులు 1945లో ఫోలిక్ యాసిడ్‌ను కృత్రిమంగా తయారుచేశారు. స్ప్రూకూ, కొన్ని రకాల రక్తహీనతకూ అది ఔషధమైంది.

అయితే ఈ కథకు రెండో భాగం ఉంది. 1940లలోనే బోస్టన్ నగరంలో సిడ్నీ ఫార్బర్ అనే వైద్యుడు రక్త క్యాన్సరుతో బాధపడుతున్న పిల్లలకు ఫోలిక్ యాసిడ్ వర్గానికి చెందిన పదార్థాలు ఇచ్చి చూశాడు. జబ్బు తగ్గకపోగా వేగం పుంజుకుంది. అప్పుడు ఆ విటమిన్‌ను అడ్డుకునే మందును సుబ్బారావు బృందం తయారుచేసి ఇస్తే, కొందరు పిల్లల్లో జబ్బు తాత్కాలికంగా వెనక్కి తగ్గింది. ఒకే పదార్థం ఒకరికి ప్రాణం పోసింది, మరొకరికి జబ్బును పెంచింది. పదార్థంలో మంచి చెడు అని రాసిపెట్టి లేదు. ఎవరికి, ఎంత, ఏ స్థితిలో అన్నదే అసలు విషయం.

లోటు లేనిచోట అదే బిళ్ళ భారం

ఫిన్లాండులో పొగత్రాగే 29,133 మంది పురుషులపై ఒక పెద్ద పరిశోధన జరిగింది. క్యారెట్ వంటి కూరగాయల్లో ఉండే బీటా కెరోటిన్‌ను బిళ్ళగా ఇస్తే ఊపిరితిత్తుల క్యాన్సరు తగ్గుతుందని పరిశోధకులు ఆశించారు. 1994లో వెలువడిన ఫలితం వారినే ఆశ్చర్యపరిచింది. ఆ బిళ్ళ తిన్నవారిలో క్యాన్సరు 18 శాతం ఎక్కువగా కనిపించింది. అమెరికాలో జరుగుతున్న అటువంటిదే మరో పరిశోధనను ఇదే కారణంగా 1996లో మధ్యలోనే ఆపేశారు. కూరగాయగా తిన్నప్పుడు మేలు చేసేది, విడదీసి బిళ్ళగా మింగినప్పుడు కూడా మేలే చేస్తుందన్న హామీ లేదు. మన శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో చుట్ట త్రాగే పురుషులు, అడ్డపొగ త్రాగే వృద్ధ స్త్రీలు ఇంకా ఉన్నారు. పొగ మానకుండా విటమిన్ బిళ్ళతో సరిపెట్టుకోవచ్చు అనుకునేవారికి ఇందులో గుణపాఠం ఉంది.

ఇంటి దగ్గరి ఉదాహరణ చూద్దాం. విటమిన్-డి లోటుకు 60,000 యూనిట్ల పొట్లాన్ని సాధారణంగా వారానికొకటి చొప్పున కొన్ని వారాలపాటు డాక్టర్లు రాస్తారు. గడువు ముగిసినా మానకపోవటం, ‘వారానికి’ అన్న మాట మరచి రోజూ వేసుకోవటం జరిగితే రక్తంలో కాల్షియం పెరిగిపోయి వాంతులు, మూత్రపిండాల్లో రాళ్ళు, చివరకు మూత్రపిండాలకే దెబ్బ. ఇనుము కూడా అంతే. తలసీమియా వంటి వంశపారంపర్య జబ్బుల్లో రక్తం తక్కువగానే ఉంటుంది గాని, ఇనుము మాత్రం శరీరంలో పేరుకుపోతుంది. అటువంటివారికి పరీక్ష లేకుండా ఇనుము బిళ్ళలు ఇస్తూపోతే గుండె, కాలేయం దెబ్బతింటాయి. నీరసం ఒకటే అయినా దాని కారణాలు అనేకం.

ఉద్దానం మనకు నేర్పేది

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం పేరు వినని వారు లేరు. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో కొబ్బరి, జీడి, పనస తోటల మధ్య ఎంతోమంది మూత్రపిండాల వ్యాధితో కృశించిపోయారు. దానికి ఏకైక కారణం ఇదీ అని శాస్త్రజ్ఞులు ఇంతవరకు తేల్చలేదు. నీరు, ఎండలో శ్రమ, ఒంట్లో నీరు ఇంకిపోవటం, పురుగుమందులు, నొప్పి మాత్రలు – అనేక అంశాలపై పరిశోధన సాగుతూ ఉంది. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమయ్యాయి.

ఉద్దానం వ్యాధి బలం మందుల వల్ల వచ్చిందని మేము అనటం లేదు. ఆ మాట అనటానికి ఆధారం లేదు. మేము చెప్పదలచింది వేరు. మూత్రపిండం దెబ్బతినటం మొదలైన తర్వాత కూడా చాలాకాలం మనిషికి ఏ బాధా తెలియదు. నీరసం మాత్రం ఉంటుంది. ఆ నీరసానికి అతడు పరీక్ష చేయించుకోడు, బలం మందు కొనుక్కుంటాడు. నడుము నొప్పికి ఒక మాత్ర, బలానికి ఒక పౌడరు, రక్తశుద్ధికి పేరూ ఊరూ లేని ఒక లేహ్యం! బలహీనపడిన మూత్రపిండానికి అధిక ప్రోటీన్ భారమే. పొటాషియం, ఫాస్ఫరస్ ఎక్కువగా ఉండే పదార్థాలు ప్రమాదం. సరిగా శుద్ధి చేయని లోహ భస్మాల్లో, కుష్తాల్లో సీసం, పాదరసం ఉంటే అది విషమే. ఇటువంటి ప్రాంతంలో నీరసానికి మొదటి చికిత్స బలం మందు కాదు, రక్తంలో క్రియాటినిన్ పరీక్ష.

“డాక్టరుకు, పరీక్షలకు డబ్బెక్కడిది? డబ్బా అయితే చేతిలో ఉన్నప్పుడు కొనుక్కుంటాం” అని పేదవాడు అంటాడు. అతని బాధ నిజమే. కాని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో రక్తం శాతం ఉచితంగానే చూస్తారు. ఒక్క ప్రోటీన్ డబ్బా ఖరీదుతో ఒక కుటుంబానికి నెల రోజులు గ్రుడ్లు, పప్పు వస్తాయి. లేనివాడి భయాన్ని సొమ్ము చేసుకునే వ్యాపారంలో నష్టపోయేది లేనివాడే.

కండల కోసం పౌడర్లు

మన జిల్లాలకు దేహదారుఢ్యం కొత్త కాదు. వీరఘట్టం బిడ్డ కోడి రామ్మూర్తి నాయుడు మల్లయోధుడిగా దేశమంతటా పేరు పొందారు. ఆమదాలవలస ప్రాంతంలో పెరిగిన కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో కాంస్య పతకం గెలిచారు. నెల్లిమర్ల మండలం కొండవెలగాడ గ్రామం బరువులెత్తే యువతీయువకులకు పెట్టింది పేరు. సైన్యంలో చేరాలని తెల్లవారుజామున రోడ్ల మీద పరుగెత్తే కుర్రవాళ్ళు ఇక్కడ ప్రతి ఊళ్ళోనూ ఉంటారు. ఇది సంతోషించదగిన విషయం. ఫజ్ర్ నమాజు చేసుకుని పరుగుకు వెళ్ళే యువకుణ్ణి చూసి ఎవరు ఆనందించరు?

కాని వ్యాయామశాలలో ఎవరో చెప్పారని వేలు పోసి కొనే పౌడరులో ఏముందో ఆ యువకునికి తెలుసా? మన దేశంలో అమ్ముడవుతున్న 36 రకాల ప్రోటీన్ పౌడర్లను పరీక్షించి 2024లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, 25 రకాల్లో డబ్బాపై రాసినదానికీ లోపల ఉన్నదానికీ పొంతన కుదరలేదు. కొన్నిటిలో బూజు వల్ల పుట్టే విషపదార్థాలు కూడా బయటపడ్డాయి. ధాన్యపు రాశిలో చేయి పెట్టి, పైన పొడిగా ఉండి లోపల తడిగా ఉన్నదాన్ని గుర్తించి, మోసగించేవాడు మనవాడు కాడని ప్రవక్త (సఅసం) మందలించిన సంఘటన ఇక్కడ ఎవరికి గుర్తురాదు! హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాల్లో కూడా ప్రోటీన్ పౌడర్లను నిత్యం వాడటం మంచిది కాదని సలహా ఇచ్చింది. క్రీడాకారులకైతే మరో ప్రమాదం ఉంది. డబ్బాలో నిషిద్ధ పదార్థం కలిసి ఉంటే, ‘నాకు తెలియదు’ అన్నంత మాత్రాన క్రీడా నియమాలు వారిని వదలవు. తన శరీరంలోకి ఏది వెళ్ళినా దానికి బాధ్యుడు తానే. దీన్ కూడా మనకు ఈ జాగ్రత్తనే నేర్పుతోంది.

గుళిక హలాలేనా?

మెత్తని గుళికల పైపొర, చాలా గట్టి గుళికల పైపొర జెలటిన్‌తో తయారవుతాయి. జెలటిన్ పశువుల ఎముకలు, చర్మం నుంచి వస్తుంది. విదేశీ సరుకులో పంది నుంచి తీసినది కూడా ఉండవచ్చు. రసాయనిక మార్పు వల్ల అసలు పదార్థం పూర్తిగా మారిపోతే దాని ఆదేశం కూడా మారుతుందా అన్న విషయంలో ఫుఖహాల మధ్య చర్చ ఉంది. నిజమైన చికిత్స అవసరమై, వేరే మందు దొరకని పక్షంలో, నమ్మదగిన వైద్యుని మాట మీద సడలింపు ఉందని ఎంతోమంది ఉలమా చెప్పారు.

ఇక్కడే మన చర్చకు ప్రాణం వంటి సూత్రం ఉంది. ఫిఖ్‌హ్‌లో జరూరత్ వేరు, హాజత్ వేరు, కేవలం సోకు వేరు. ప్రాణావసరానికి ఇచ్చిన సడలింపును సోకుకు వాడుకోరాదు. తీవ్రమైన లోటుతో ఉన్న రోగికి వర్తించే సడలింపు, జుట్టు మెరవాలని, కండలు పెరగాలని గుళిక మింగేవానికి వర్తించదు. కనుక శాకాహార గుర్తు ఉన్నదో, మొక్కల నుంచి తీసిన పైపొర ఉన్నదో, ద్రావణమో పొడియో ఎంచుకోవాలి. మందుల షాపులో అడగటానికి సిగ్గుపడనవసరం లేదు.

అవసరం లేకపోయినా బలం మందు తినటం హరామా? ఆ మాట మేము అనటం లేదు. హలాల్ పదార్థాల్లో అసలు నియమం అనుమతే. అయితే హాని ఉందని తెలిసినప్పుడు, లేదా ఇంట్లో పిల్లల తిండికి, చదువుకు కోత పెట్టి కొన్నప్పుడు ఆ అనుమతి అలాగే నిలిచి ఉండదు. తినటంలోనూ ఖర్చులోనూ మితిమీరటాన్ని దివ్యఖుర్ఆన్ ఖండించింది. బలం పేరుతో చేసేది కూడా మితిమీరటమే కాగలదు.

అమ్మేవారూ! కాస్త ఆలోచించండి

ఈ వ్యాసంలో తినేవారికన్నా అమ్మేవారికే ఎక్కువ చెప్పవలసి ఉంది. ఎందుకంటే గొలుసుకట్టు వ్యాపారాల్లో చేరి, బంధువులకే ఈ డబ్బాలు అమ్ముతున్న సోదరులు, సోదరీమణులు మనలో తక్కువేమీ కాదు. “ఖాలా! ఈ గుళికలు వాడితే షుగరు మాత్ర మానేయవచ్చు” అని మేనకోడలు చెబితే ఆ వృద్ధురాలు కంపెనీని నమ్మదు, మేనకోడలిని నమ్ముతుంది. ఆ నమ్మకమే అక్కడ అమ్ముడుపోతున్న సరుకు. ఆమె మాత్ర మానేసి కాలి పుండుతో ఆసుపత్రి పాలైతే, కమీషన్ డబ్బు ఏ ముఖంతో తింటాం?

వైద్యం తెలియకుండా వైద్యం చేసినవాడు జరిగిన నష్టానికి బాధ్యుడని ప్రవక్త (సఅసం) స్పష్టం చేశారు. దేశ చట్టం కూడా ఇదే దిశలో ఉంది. షుగరు వంటి జబ్బులను నయం చేస్తామని ప్రకటనలు ఇవ్వటాన్ని 1954 నాటి చట్టం నిషేధించింది. ఆరోగ్య అనుబంధ పదార్థాల డబ్బాలపై ‘నాట్ ఫర్ మెడిసినల్ యూజ్’, అంటే ఇది చికిత్సకు వాడేది కాదని ముద్రించాలని ఆహార భద్రతా సంస్థ 2016లో నిబంధన చేసింది. డబ్బా తానే ‘నేను మందును కాను’ అని చెబుతుంటే, అమ్మేవాడు ‘ఇదే అసలు మందు’ అంటున్నాడు!

ఇంకా బాధ కలిగించేది, ప్రవక్త (సఅసం) పేరును సరుకుకు అంటించటం. తేనె, కలోంజీ, ఖర్జూరం గురించి హదీసుల్లో వచ్చిన ప్రశంసను మేము మనసారా విశ్వసిస్తున్నాము. కాని ఏదో ఫ్యాక్టరీలో తయారైన గుళికకు ‘తిబ్బె నబవీ’ అని పేరు పెట్టి, అన్ని రోగాలకూ ఇదొక్కటే చాలు, ఇన్సులిన్ మానేయండి అని చెప్పటం ఆ హదీసులపై విశ్వాసం కాదు, వాటితో వ్యాపారం. ఆయన స్వయంగా జబ్బుపడినవారిని వైద్యుని వద్దకు పంపారు. రేపు ఆ గుళిక పని చేయకపోతే రోగి కంపెనీని అనుమానించడు, హదీసునే అనుమానిస్తాడు. అతని ఈమాన్‌కు కలిగిన ఆ గాయానికి ఎవరు జవాబుదారీ?

ఇక ఏం చేయాలి?

పూర్వపు యునానీ హకీములు ఆహారంతో సరిపోయే చోట మందు జోలికి వెళ్ళేవారు కాదు. ఇది మనం తిరిగి నేర్చుకోవలసిన క్రమం. మన నేలలో లేనిదేముంది? వంద గ్రాముల చోళ్ళలో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంది. చోడి అంబలిని పేదల తిండి అని చిన్నచూపు చూసి, కాల్షియం బిళ్ళకు పట్నం వెళుతున్నాం. ముల్లుతో సహా నమిలి తినే మెత్తళ్ళు, మునగాకు, తోటకూర, నువ్వులు, గ్రుడ్డు, నెలకొకసారైనా కాలేజం – వీటిని దస్తర్‌ఖాన్ మీదకు తెండి. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు మాత్రం వీటిని కూడా డాక్టరును అడిగే తినాలి. పర్దాను పాటించే స్త్రీలు ఇంటి పెరట్లోనో డాబా మీదనో కాసేపు ఎండ తగిలేలా కూర్చునే ఏర్పాటును ఇంటి మగవారు చేయాలి. ఎండ తగలక విటమిన్-డి తగ్గటం మన ఇళ్ళలో సామాన్యమైన విషయం.

ఆ తర్వాత కూడా లోటు ఉందని పరీక్షలో తేలితే, డాక్టరు చెప్పిన బిళ్ళను, చెప్పిన మోతాదులో, చెప్పిన గడువు వరకు బిస్మిల్లాహ్ అని వేసుకోండి. ఇనుము బిళ్ళను టీతో గాని, కాల్షియంతో కలిపి గాని వేసుకోవద్దు. ఒంటికి పట్టదు. నిమ్మరసంతో వేసుకుంటే బాగా పడుతుంది. రమజానులో ఒకటి ఇఫ్తార్ తర్వాత, రెండోది సహరీలో వేసుకునే వీలుందేమో అడగండి. షుగరుకు మెట్‌ఫార్మిన్ ఏళ్ళ తరబడి వాడేవారిలో బి-12 తగ్గవచ్చు. కాళ్ళు తిమ్మిరెక్కుతుంటే డాక్టరుకు చెప్పండి. మీరు తింటున్న ప్రతి పొడినీ, లేహ్యాన్నీ దాచకుండా డాక్టరు ముందు పెట్టండి. ‘ఇది మందు కాదు కదా’ అని దాచినదే కొన్నిసార్లు అసలు మందును చెడగొడుతుంది.

డబ్బా చేతిలోకి తీసుకున్న ప్రతిసారీ మూడు ప్రశ్నలు వేసుకుందాం. నాకు నిజంగా లోటు ఉందా? ఇందులో ఉన్నది హలాలా, నిజాయితీ గలదా? దీనికి పెట్టే డబ్బుకు ఇంట్లో ఇంతకన్నా హక్కుదారులు ఎవరైనా ఉన్నారా? మూడింటికీ సరైన జవాబు దొరికితే ఆ బిళ్ళ అల్లాహ్ అనుగ్రహమే, దానికి కృతజ్ఞత తెలుపుకుందాం. దొరకకపోతే డబ్బా షాపులోనే ఉండనిద్దాం.

మనకు అప్పగించిన శరీరాన్ని నిర్లక్ష్యం వల్ల గాని, మోజు వల్ల గాని పాడుచేయకుండా, దానిని తన విధేయతలో వినియోగించే సద్బుద్ధిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! వ్యాధిగ్రస్తులందరికీ, ముఖ్యంగా ఉద్దానం పల్లెల్లో బాధపడుతున్న మన సోదరులందరికీ, కుల మత భేదం లేకుండా, ఆయన సంపూర్ణ స్వస్థత చేకూర్చుగాక! ఆమీన్.